బిడ్డ బరువు

1993, నాచారం. గ్లూకోజు నీళ్లు తాగి, రక్తపరీక్ష కోసం క్లినిక్ బల్ల మీద కూర్చున్న గర్భిణికి పొరుగింటి పెద్దావిడ తోడొచ్చింది.

“మూడో నెలనే షుగర్ పరీక్ష ఏంది బిడ్డా?”

“మా అమ్మకి షుగరుంది కదా పిన్నిగారూ. పోయిన బిడ్డ బరువెంతని కూడా అడిగారు డాక్టరమ్మ. నాలుగున్నర కిలోలన్నాను.”

“ఎంత ముద్దుగుండె! దిష్టి తాకి పాయె.”

“దిష్టి కాదట. నాకప్పుడే షుగరొచ్చి, అందుకే బిడ్డ అంత బరువు పెరిగి ఉంటుందట. అందుకే ఈసారి ముందే చూస్తున్నారు.”

“గా ముచ్చట ఇంకెవరు అడగలే. మస్తు తెలివిగల్ల డాక్టరమ్మ!”

“ఇంకో గంట పడుతుంది, మీరు ఇంటికెళ్లండి.”

“పోను. నా మొదటోడు గూడ గంత బొద్దుగనే పుట్టి పోయిండు. తల్లి దిష్టే తాకిందన్నరు. గా భయానికి తర్వాత పుట్టినోళ్లను కండ్లనిండ సూసుకోలే. ఈ డాక్టరమ్మనన్నా కండ్లనిండ సూసి పోత.”