ఒక్కడికే సోటున్న ఇమానం

దాలినాయుడని ఉండీవోడు మా ఎగువీదిలో. జపానోడి యుద్దానికి పలటంలో సేరి బర్మా ఎల్లాడు. ఎల్లింది ఒక్కడే కాదు, పక్కింటి గున్నయ్యా ఈడూ కలిసే ఎల్లారు. గున్నయ్యకి అప్పుడే పెల్లయింది, ఆదెమ్మని. ఇంట్లో ఆ పిల్లా, ముసిలి తల్లీ. తిరిగొచ్చింది మాత్రం దాలినాయుడొక్కడే, కుంటుకుంటా. గున్నయ్య సంగతేటంటే సర్కారోల్లు "కనపడ్నేదు" అన్నారంట. సచ్చిపోనాడనీ అన్నేదు, బతికున్నాడనీ అన్నేదు. అలగ సెప్తే ఇంట్లో ఆడోల్లు ఏటనుకోవాల, మీరే సెప్పండి.

ఊల్లో పలటం నుంచి వొచ్చినోల్లు ఇంకా ఉన్నారు. టీకొట్టు కాడ కూకున్నారంటే ఇమానాల కబుర్లే అనుకో. ఆ యుద్దంలో సిన్న ఇమానం ఒకటుండీదంట. రెక్కలు నెత్తి మీద, సెక్రాలకి బూట్లు తొడిగినట్టు రేకులు, ముందు తోలీవోడు, ఎనక ఇంకొకడు, అంతే. ఊల్లు తగలెట్టడానికి కాదది, శత్రువు ఎక్కడ నక్కాడో పైనుంచి సూసి సెప్పడానికి. కాల్ల కాడ మాత్రం సిన్న సిన్న బాంబులు ఏలాడగట్టీవోరంట, కనపడ్డోడి మీద ఇడవడానికి. ఒకడు "అది రాబట్టి మేం బతికాం" అంటే, ఇంకొకడు "జపానోడిది అలాంటిదే మా నెత్తిన తిరిగిందా, ఎనకే గుండ్లు పడీవి" అనీవోడు. దాలినాయుడు ఇనీవోడు, ఇనీవోడు, లెగిసి ఎల్లిపోయీవోడు. ఆడు ఆ ఇమానం ఎక్కినోడని ఆల్లకి తెల్దు మరి.

ఏటైందంటే, కొన్నేల్లు సూసి ఆదెమ్మకి అన్నదమ్ములు మారుమనువు సంబంధం తెచ్చారు. మనోల్లలో మారుమనువు తప్పు కాదు గదా. కానీ మొగుడున్నాడో పోనాడో తెలీకుండా ఎలగ? దాలినాయుడు గొడ్లకి కుడితెడతంటే ఆదెమ్మ ఎల్లి ఎదురుగా నిలబడిందంట. "అన్నా, అందరికీ తెల్దు తెల్దనే సెప్పావు. నా మొకం సూసి సెప్పు, తెల్దా?" అందంట. ఆడు కుడితి బాన దించీసి గొడ్లసాల గోడ కాడే కూకున్నాడు.

సెప్పాడంట. పలటం ఎనక్కొచ్చీస్తంటే ఇద్దరికీ దెబ్బలు తగిలాయి, ఈడికి తొడలోన, గున్నయ్యకి భుజం కాడ. గున్నయ్య నడవగలడు గానీ ఈడ్ని ఒగ్గీలేక ఏటి నడుమ ఇసకదిబ్బ మీద ఉండిపోనాడు. ఆ సిన్న ఇమానం పైనుంచి ఈల్లని సూసి దిగిందంట. తోలీవోడు పంజాబీవోడు. ఎనక సీటు కాలీ, ఒక్కడికే సోటు. ఎవుడెక్కాల? గున్నయ్యే అన్నాడంట, "నీకు రగతం ఆగటం నేదురా, నువ్వెక్కు. మల్లీ వొచ్చిందాకా నానుంటాను" అని ఒంటిసేత్తోనే ఈడ్ని లోపలికి తోసీసాడంట. పైకి లెగిసి ఒక సుట్టు తిరిగేసరికి ఏటుంది, ఒడ్డునున్న రెల్లులోంచి జపానోల్లు బిలబిలమని ఇసక మీదకి పరిగెడతన్నారు. పైనున్నోడికి అన్నీ కనపడతాయి. కిందున్న గున్నయ్యకి కనపడరు, ఆల్లు ఎనకాలున్నారు. ఇమానం మల్లీ దిబ్బ వైపు తిరగడం సూసి, తన కోసమే వొచ్చీస్తందని సెయ్యెత్తి ఊపుతున్నాడంట. ఆ పంజాబీవోడు దిగడానికి తిరగనేదని ఈడికి అర్తమైపోనాది. మద్దెనున్న రేకు మీద గుద్దాడంట, ఒద్దొద్దని అరిసాడంట, అరిసాడంట, ఆ ఇంజను మోతలో ఏటినపడతాది? పంజాబీవోడు బాంబులు ఇడిసీసాడు. ఇసక లెగిసింది. ఆ ఇసక దిగాక సూస్తే దిబ్బ మీద నిలబడ్డోడు ఒక్కడూ నేడు. ఇమానం దిగాక ఆ పంజాబీవోడు వొచ్చి, "పానాలతో దొరికినోల్లని జపానోల్లేటి సేస్తారో నాను సూసాను" అని, మొకం తిప్పీసుకున్నాడంట.

ఆదెమ్మ ఏడనేదంట. "బయపడ్డాడా?" అని అడిగిందంట. "నేదమ్మా, మేం బాగా కిందనుంచే ఎల్లాం, మొకం కనపడింది. నవ్వుతున్నాడు" అన్నాడు. ఆ పిల్ల కూడా ఆడి పక్కనే మట్టిలో కూకుండిపోనాది. "ఇది అత్తకి సెప్పకన్నా. మనోడి బాంబుకే పోనాడంటే ఆ ముసిల్ది ఒక్క పూట బతకదు" అంది. "మరి నువ్వు మారుమనువెల్తే ఆ ముసిల్ది నిన్ను మాటలనకుండా ఊరుకుంటాదా?" అంటే, "అననీ" అందంట.

అంది మరి. మనువు నాడు ఆదెమ్మ బండెక్కుతంటే ముసిల్ది ఈదిలోకొచ్చి దుమ్మెత్తి పోసింది. "నా కొడుకు బతికుండగానే ఇంకొకడి ఎంట పోతన్నాది" అని, ఊరందరి ముందూ. ఊరూ అలగే అనుకుంది. ఆదెమ్మ తలెత్తనేదు, దాలినాయుడు నోరిప్పనేదు. ఆ తరవాత ముసిల్దానికి గంజి కాసి పోసింది ఈడే. తాగుతా తాగుతా, "నా గున్నడు ఎప్పుడొస్తాడ్రా?" అని అడిగీది. "వొస్తాడమ్మా, బర్మాలో, ఆ రంగం పట్నంలో పని దొరికుంటాది" అనీవోడు. రోజూ ఇదే.

ముసిల్ది పోనాక, అప్పుడు ఊరోల్లకి సెప్పాడు. ఇనీసి ఆల్లేటన్నారంటే, "ఇది ముందే సెప్పుంటే ఆ పిల్లకి అన్ని మాటలు తప్పును గదా" అన్నారంట. ముసిల్దాని సెవిన పడకుండా ఎవులికి సెప్పాల, ఎలగ సెప్పాల, అది మాత్రం ఒక్కడూ అన్నేదు. ఇదిగో, నానూ ఇప్పుడు సెప్పీసాను, మీరూ ఆ అప్పటోల్లలాగే మొకాలెట్టుకుని సూస్తన్నారు. లెగండి, గొడ్లకి నీల్లెట్టాల.