ఆరువందల పన్నెండు వరుసల ఉమాశంకర్ గారు

1991వ సంవత్సరం సెప్టెంబరు రెండవ తేదీ, సోమవారం ఉదయం, చెంగిచెర్ల నుండి సైకిలుపై వచ్చి, నాచారంలోని మన పంపుల కర్మాగారంలో కార్మికుల హాజరు చూసే టైమ్ ఆఫీసులో శ్రీ ఉమాశంకర్ గారు టైపిస్టుగా బాధ్యతలు స్వీకరించారు. మరునాటి నుండే సహోద్యోగుల సహనానికి పరీక్ష ఆరంభమైనదని పెద్దలు చెప్పగా విన్నాను. నేను వారి వద్ద చేరినది 2014లో. నా వంతు పరీక్ష పదకొండేళ్లు సాగింది.

ఆ రోజుల్లో హాజరు పట్టికలు టైపు యంత్రంపై ఐదు కార్బన్ ప్రతులతో తయారయ్యేవి. ఐదవ ప్రతిలో చిన్న అక్షరాలు అలుక్కుపోతున్నాయని గ్రహించిన ఉమాశంకర్ గారు, నాటి నుండి సమస్త ఇంగ్లీషునూ పెద్ద అక్షరాలలోనే టైపు చేయసాగారు. వివేకవంతమైన నిర్ణయమే, కాదనను. 1999లో వారు టైమ్ కీపర్ అయ్యారు. 2003లో కంప్యూటర్ వచ్చింది, కార్బన్ కాగితం పోయింది, పెద్ద అక్షరాలు మాత్రం పోలేదు. వారి కీబోర్డుపై క్యాప్స్ లాక్ దీపం ఇరవై రెండేళ్లు అఖండ దీపంలా వెలిగింది. 2011లో టైమ్ ఆఫీసు అధికారిగా పదోన్నతి పొందాక, సెలవు మంజూరు చేస్తూ వారు పంపే మెయిల్ సైతం గదమాయించినట్లే ఉండేది.

గత మార్చిలో కార్మికుల ఆరోగ్య బీమా కొత్త కంపెనీకి మారింది. అధికారులతో కలిపి ఆరువందల పన్నెండు మంది పేర్లు, వారి భార్యల పేర్లు గల మన ఎక్సెల్ పట్టికను ఆ కంపెనీ వెబ్‌సైటు నిరాకరించింది. పేరులో మొదటి అక్షరమే పెద్దదిగా ఉండాలట. శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు గడువు. గడువు దాటితే నెల రోజులు బీమా ఉండదు. ఫౌండ్రీలో పనిచేసే పోశయ్య భార్య సత్తమ్మకు ఆ వచ్చే సోమవారమే ఉప్పల్‌లో గుండె ఆపరేషన్.

"సార్, ఫార్ములా పెడితే నిమిషంల అయిపోతది" అన్నాను.

"నిమిషంల అయ్యే పనిని నేను నమ్మ తల్లీ. నీ ఫార్ములాకు పోశయ్య ఎవరో ఎర్కనా?"

ఆ మహానుభావులు బుధవారం నుండి ఒక్కొక్క గడిలోకి వెళ్లి, ఒక్కొక్క అక్షరం చెరిపి, మళ్లీ కొట్టడం మొదలుపెట్టారు. రెండు వేళ్లతో. శుక్రవారం మధ్యాహ్నానికి నూట నలభై వరుసలు పూర్తయ్యాయి. నాకు తల బద్దలు కొట్టుకోవాలనిపించింది. వారు భోజనానికి వెళ్లగానే నేను మిగిలిన వరుసలకు ఫార్ములా పెట్టి, ఫలితాన్ని తెచ్చి పట్టికలో అతికించేశాను. నిజంగానే నిమిషం పట్టలేదు.

తిరిగి వచ్చి చూసి వారు కోప్పడలేదు. దానికే నాకు మరింత మండింది. "మంచిగనే ఉన్నది. కాగితం మీద తియ్యి. నువ్వు సదువు, నేను మస్టర్ల సూస్త" అన్నారు. టైమ్ ఆఫీసు పాత ఆచారమది: ఏ పట్టికైనా ఒకరు బిగ్గరగా చదవాలి, ఒకరు హాజరు పుస్తకంలో వేలు పెట్టి సరిచూడాలి. భార్యల పేర్లు ఆ పుస్తకంలో ఉండవు, అవి వారికి నోటికే వచ్చు. గడువుకు రెండున్నర గంటలు ఉండగా, పళ్లు నూరుకుంటూ నూట నలభై ఒక్క జంటల పేర్లు చదివాను.

"నూట నలభై రెండు. పోశయ్య, భార్య ఉప్పలమ్మ."

"ఆగు. ఉప్పలమ్మ పై వరుసల సిద్దయ్య ఇంటామె గదా?"

చూస్తే, భార్యల పేర్ల వరుసను నేను ఒక గడి కిందుగా అతికించాను. అక్కడి నుండి చివరి వరకు ప్రతి కార్మికునికీ పైవాని భార్యను కట్టబెట్టాను. అక్షరాలు మాత్రం ముచ్చటగా ఉన్నాయి. ఆ పట్టిక అలాగే వెళ్లి ఉంటే సోమవారం సత్తమ్మ పేరు పోశయ్య బీమా కార్డులో ఉండేది కాదు.

"ఫికర్ జెయ్యకు. ఒక గడి మీదికి జరుపు, మళ్ల సదువు" అన్నారు. ఆరువందల పన్నెండూ చదివించారు. ఐదుకు పది నిమిషాల ముందు పట్టిక వెళ్లింది.

పదిహేను రోజులకు పోశయ్య ఆఫీసుకు వచ్చాడు. "దవాఖాన కిటికీ కాడ సత్తమ్మ పేరడిగిన్రు సార్. కంప్యూటర్ల కొట్టిన్రు. ఉన్నదన్నరు. గంతే, లోపలికి తీస్కపోయిన్రు" అని వారి చేతులు పట్టుకున్నాడు. ఆ తప్పు ఎవరిదో ఉమాశంకర్ గారు పోశయ్యకు గానీ, మేనేజరుకు గానీ, నేటి వరకు మరెవరికి గానీ చెప్పలేదు. అందుకే మన కర్మాగార పత్రిక ఈ సంచికలో నేనే చెబుతున్నాను. తప్పు నాది. విసుక్కున్నదీ నేనే. ఆ రోజు క్షమాపణ అడగడానికి నోరు రాలేదు, ఇప్పుడు అడుగుతున్నాను.

ఈ ఆగస్టు ముప్పై ఒకటిన ఉమాశంకర్ గారు పదవీ విరమణ చేస్తున్నారు. సెప్టెంబరు నుండి బీమా పట్టికలో వారి పేరు, వారి సతీమణి శ్యామలమ్మ గారి పేరు ఉండవు. ఆ వరుసను తొలగించవలసినది నేనే. నాలుగు రోజులుగా ఫైలు తెరుస్తున్నాను, మూస్తున్నాను. ఆ దంపతులకు ఏ దవాఖానా కిటికీ దగ్గరా తమ పేరు ఉన్నదో లేదో అని ఎదురుచూడవలసిన రోజు రాకూడదని, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను.

అరుణకుమారి
టైమ్ ఆఫీసు