మూడో బోనులోని తెల్లది

కూల్చబోతున్న ప్రయోగశాలను ఆఖరిసారి చూసుకుందామని ముసలి ప్రొఫెసర్‌గారు వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. ముప్పై ఏళ్ళు అక్కడి కుందేళ్ళకు మేత వేసిన అటెండరు కూడా తాళంచెవులు అప్పగించడానికి వచ్చాడు.

“ఈ తలుపు తీస్తే ఎండుగడ్డి వాసన గుప్పుమనేది, గుర్తుందా?”

“ఎందుకుండదు సార్! మీరు తుమ్ముతూనే లోపలికొచ్చేవారు.”

“మూడో బోనులో తెల్లది ఒకటుండేది. సూది గుచ్చినా కదిలేది కాదు. దానికి నొప్పే తెలియదని రాసేశాను.”

“మీరు వెళ్ళాక గంటసేపు వణికేది సార్.”

ప్రొఫెసర్‌గారు అతనివైపు తిరిగారు.

“అప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా?”

“చెప్పాను సార్. ‘కుందేలుకి అంత తెలివెక్కడిదోయ్’ అని నవ్వేశారు.”

“నవ్వే ఉంటాను. అది చచ్చిపోయిందని నువ్వే రాశావు కదా?”

“అబద్ధం రాశాను సార్. సంచిలో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయాను. మా పిల్లల చేతుల్లో ఇంకో నాలుగేళ్ళు బతికింది.”

“తెలిసుంటే నీ ఉద్యోగం ఊడగొట్టేవాణ్ణి!”

“అందుకే చెప్పలేదు.”

“ఒకవేళ నా మాటే నిజమై, దానికి నిజంగా ఏమీ తెలియకపోయి ఉంటే?”

“అప్పుడు నేనో వెర్రివాణ్ణి సార్, అంతే కదా. మరి తెలిసి ఉంటే?”

ప్రొఫెసర్‌గారు కాస్త పక్కకు జరిగి, మెట్టు మీద చోటు చూపించారు.

“కూర్చో. ఆ నాలుగేళ్ళూ అది మీ ఇంట్లో ఏమేం చేసేదో చెప్పు.”