అడుగంటిన పాల టీ

అధ్యక్షులు మేనేజరుగారికి, నాకు ఈ పని నేర్పి ఇవాళ చేతికర్రతో ఇంతదూరం వచ్చిన గురువుగారికి, టీ రుచి చూసి తేల్చే మా రుచిగదిలోని నా తోటివారికి, గోదాములోనూ ప్యాకింగులోనూ పనిచేసే అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ, మూడో వరసలో ‘ఇంకెంతసేపు’ అన్నట్టు చూస్తున్న మా అత్తయ్యగారికీ నమస్కారం. (నవ్వులు)

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్లంతా నా ముక్కును పొగిడారు. వింటున్నంతసేపూ నేను తల దించుకునే ఉన్నాను. వినయమని మీరనుకుని ఉంటారు. సిగ్గండీ అది.

పోయిన వానాకాలంలో నాకు జ్వరం వచ్చి తగ్గింది, వాసన మాత్రం పోయింది. తీపి, చేదు తెలుస్తున్నాయి, మిగతాదంతా తుడిచిపెట్టినట్టయింది. మేనేజరుగారు సెలవిచ్చి, నెమ్మదిగా అదే వస్తుందిలెండి అన్నారు. కొన్నాళ్లకు ఏలకులు నలుపుతుంటే ఏదో తెలిసినట్టనిపించింది. అది వాసన కాదని, జ్ఞాపకమని అప్పుడు తెలుసుకోలేకపోయాను. సంబరపడిపోయి, మనం కొత్తగా తేవాలనుకున్న మసాలా టీ కలిపి చూపిస్తానని మేనేజరుగారినీ రుచిగదివాళ్లు ముగ్గురినీ ఇంటికి పిలిచాను.

అల్లం, ఏలకులు, లవంగం, మిరియం, దాల్చినచెక్క దంచి, పాలు పొయ్యి మీద పెట్టి, వచ్చినవాళ్లతో కబుర్లలో పడ్డాను. తరవాత టీ కలిపి తెచ్చి, నేనూ ఒక కప్పు అందుకుని, అలవాటు ప్రకారం జుర్రున పీల్చి, ముందు ఏలకి వస్తుంది, మిరియం గొంతులో ఆగుతుంది అంటూ పాఠం మొదలుపెట్టాను. అందరూ తలూపారు. కప్పులు ఖాళీ చేశారు. మేనేజరుగారు చాలా బాగుందని రెండో కప్పు అడిగారు.

అప్పుడు మా అత్తయ్య గుమ్మంలోకి వచ్చి, “పాలు మాడాయమ్మా. వీధి చివరిదాకా కొడుతోంది. వీళ్లెవరూ చెప్పలేదూ?” అంది.

చంటిపిల్లలు కూడా పసిగట్టే మాడు వాసన అది. నలుగురికి రుచి చెప్పే నేను పసిగట్టలేకపోయాను. అంతకంటే, మేనేజరుగారూ, నా మీద జాలితో మీరు ఆ రెండో కప్పు కూడా తాగారే, ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ మీ మొహం చూడలేను.

మీరు వెళ్లాక గిన్నె అడుగున నల్లటి పొర గీకుతూ ఏడ్చాను. ఆ తరవాత వంటింట్లో మసాలా డబ్బాలు పైఅరలోకి ఎక్కించేశాను. ఒకరోజు అత్తయ్యే వాటిని కిందికి దింపి, పీట వేసుక్కూర్చుని, టీ పెట్టమంది. ఆవిడ పుట్టుకాఫీ మనిషి.

“మీకు టీ పడదు కదా అత్తయ్యా” అన్నాను.

“పడదు గనకే మొహమాటం లేకుండా చెప్తాను. పెట్టు.”

చెప్పింది కూడా. లవంగం ఎక్కువైతే పళ్ల డాక్టరు దగ్గర కూర్చున్నట్టుందనేది. ఏలకులు ఎక్కువైతే ఒంటికి రాసుకునే సబ్బా ఇది అనేది. (నవ్వులు) దాల్చినచెక్క తగ్గించి, అల్లం ఎండబెట్టి, మళ్లీ కలిపి, మళ్లీ తిట్లు తిని, చివరికి ఒకనాడు ఆవిడ ఏమీ అనకుండా కప్పు ముందుకు తోసి ఇంకొంచెం పొయ్యమంది. మీరంతా మెచ్చుకున్న మసాలా అదే. ఈ సంగతి మేనేజరుగారికి ముందే చెప్పాను. ఇంటి విషయం ఇంట్లోనే ఉండనివ్వండన్నారు. నా గౌరవం కాపాడాలనే అన్నారు.

కానీ అయ్యా, ఈ సన్మానపత్రంలో ‘ఎన్నడూ తప్పని ముక్కు’ అని రాశారు. ఆ ఒక్క మాటా కొట్టేసి ఇవ్వండి. మిగతాదంతా కళ్లకద్దుకుని తీసుకుంటాను. ఇలా అందరి ముందూ చెప్పేస్తే సిగ్గు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

ఈ ఉదయం కప్పులు కడుగుతూ, వాసన ఇక ఎప్పటికీ రాకపోతే ఎలా అత్తయ్యా అన్నాను. ఆవిడ నా వైపు తిరగనైనా తిరగకుండా, “ఏం, నాతో కూర్చుని తాగడం మానేస్తావా?” అంది.

మాననని చెప్పాను. ఇన్నాళ్లూ నన్ను భరించినందుకు, ఆ మాడు టీని కూడా మింగినందుకు, మీ అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. ఇక నాకు సెలవిప్పించండి.