గనాంగ్ కుడిచేయి

అక్కలారా, అన్నలారా, కొండలు దాటి కాలినడకన వచ్చిన పెద్దలారా! విమానం లేదు కాబట్టి నడిచి వచ్చారు. దాన్ని నడిపే మనిషి ఇక లేడు కాబట్టి ఇలా కూర్చున్నాం. ఈ క్రయాన్ కొండల్లో గనాంగ్ ఆసుపత్రికి చేర్చని గర్భిణి ఉందా? ఆయన తేని మందుసీసా ఉందా? ఈ ప్రార్థనా మందిరం రేకులు కూడా ఆయన తెచ్చినవే. నిన్న వాటి కిందే ఆయన్ని పడుకోబెట్టాం. ఆయన గురించి నేను మాట్లాడాలి.

నేను ఆయన దగ్గర విమానం నడపడం నేర్చుకున్నాను. మొదటిరోజు గాల్లోకి లేచామో లేదో, నా పక్క తలుపు టప్పున తెరుచుకుంది. చెవులు పగిలే హోరు! నేను తలుపు మీదికి వంగాను, విమానం పక్కకు ఒరిగింది. చేతిమీద ఒక్కటి పీకాడు. "ఒరే బాలాంగ్, తలుపు ఎక్కడికీ పారిపోదురా! గాలే దాన్ని నాలుగు వేళ్ల సందుకి మించి తెరవనివ్వదు. ముందు విమానం నడుపు. దిగాక తీరిగ్గా వేసుకో. తలుపు ఎవర్నీ చంపదు, దానికోసం చాచే చెయ్యి చంపుతుంది" అన్నాడు. మాలో ఆ మాట వినని పైలట్ లేడు.

ఇంకోసారి పెళ్లివాళ్లతో వెళుతుంటే అలాగే తెరుచుకుంది. లోపల ఒకటే ఏడుపులు. ఆయన వెనక్కి తిరగనైనా తిరగలేదు, గొంతెత్తి ఆదివారం కీర్తన అందుకున్నాడు. అందరూ పాడుతుండగానే దించేశాడు. "పెళ్లికూతురు తప్ప అందరూ ఏడ్చారు, ఏం పెళ్లివారయ్యా మీరు!" అని నవ్వాడు.

అలాంటి మనిషి మొన్న ఎందుకు చెయ్యి చాచాడు? బయట ఇదే గుసగుస. గురువే పాఠం మరిచాడట. ముసలమ్మే చంపిందట. సిగ్గులేదా మనకు?

నేను నేలమీద రేడియో దగ్గర ఉన్నాను. అక్కడ విన్నదీ, అవ్వ చెప్పిందీ చెబుతాను, వినండి. రినాయ్ అవ్వ పట్నంలో కూతురికి మన కొండ ఊటనీళ్లు కాచి తీసిన ఉప్పు తీసుకెళుతోంది. ఆయన కుడిపక్క సీట్లో కూర్చుని, బుట్టను ఒళ్లోనే పెట్టుకుంది. మనలో ఎవరు మాత్రం ఆ ఉప్పును వెనక సామాన్లలో వేస్తాం? దాని పట్టీ తలుపు సందులో ఇరుక్కుంది. తలుపు పైకి మూసుకున్నట్టే ఉంది. విమానం లేవగానే తెరుచుకుంది. పని కళ్లెదుట ఉంటే కూర్చుని చూసే అలవాటు మనకుందా? అవ్వ బెల్టు విప్పింది. పట్టీ లాగడానికి తలుపును ఇంకా బయటికి తోసి, తానూ వంగింది.

గనాంగ్ తలుపు కోసం చెయ్యి చాచలేదు. అవ్వ కోసం చాచాడు. ఆమె భుజం పట్టుకుని, ఎడమచేత్తోనే విమానాన్ని వెనక్కి తిప్పాడు. ఇంజిను తగ్గించాల్సింది ఆ కుడిచేత్తోనే. తగ్గించాలంటే అవ్వను వదలాలి. వదల్లేదు. విమానం వేగంగా దిగి, రన్‌వే చివర గట్టుకు ఆయన వైపే కొట్టుకుంది. మేం పరుగెత్తి వెళ్లేసరికి కూడా ఆ చెయ్యి అవ్వ భుజం మీదే ఉంది.

మరిచిపోయిన మనిషి చేసే పనా ఇది? పాఠం తెలిసే, దాని ఖరీదు తెలిసే, చెయ్యి చాచాడు.

ఆ రోజు నుంచి అవ్వ మెతుకు ముట్టలేదు. అవ్వా, రేడియోలో నేను విన్న ఆయన చివరి మాట నీకోసమే. "కూర్చో అవ్వా, నేనున్నాగా, కూర్చో."

ఇప్పుడు అందరూ లేవండి. గుసగుసలాడిన వాళ్లు ముందు లేవండి. తలలు వంచి మౌనంగా నిలబడదాం.

నువ్వు లేవకు అవ్వా. నువ్వు కూర్చో.