సూర్రావు కర్మ, రోజుకు మూడాటలు

(1956. ఏలూరులో ఒక సినిమాహాలు గేటు దగ్గర. లోపల మ్యాట్నీ నడుస్తోంది.)

"మీ కాళ్ళట్టుకుంటాను రాజుగారూ. ఆ కర్మ వెనక్కి తీసేసుకోండి."

"కెమెరానా? అది మద్రాసు వాళ్ళదయ్యా సూర్రావ్. షూటింగవగానే పంపేశాం."

"కెమెరా కాదండి, కర్మ. మీ సినిమాలో నాకు చేయించారే, అది."

"అది లేకపోతే నువ్వు దెయ్యానివెలా అవుతావు? కొల్లేట్లో మునిగావు, శవం దొరకలేదు, గడ్డిబొమ్మకి కర్మ చేశారు, దెయ్యమై తిరిగొచ్చావు. కథ అదేగా."

"కథ మీదేనండి. పేరు నాది."

"పేరేంటి?"

"దెయ్యానికి మీరు పేరు పెట్టలేదు కదండి. ఎవరి పేరున చెప్పమంటారని పంతులుగారడిగితే, 'ఏదో ఒకటి కానియ్యండి, ఎండ పోతోంది' అన్నారు. ఆయన నా పేరే చెప్పేశారు."

"వేషగాడికి మద్రాసు నుంచి రైలు ఖర్చెందుకని మీ లంకకొచ్చే పంతుల్నే పెట్టాను. నటిస్తాడనుకున్నాను."

"ఆయనకి నటించడం రాదండి. మంత్రాలొచ్చు. మొత్తం చదివేశారు. మా తమ్ముడు సత్తియ్య చేత పిండం పెట్టించారు. కాకి కూడా ముట్టిందండి."

"కాకిని ఏమనకు. నా సినిమాలో ఒక్క టేకులో చేసింది అదొక్కటే."

"అది ముట్టకపోయినా ఏదోటి చెప్పుకునేవాణ్ణి. తృప్తిగా వెళ్ళిపోయానంటున్నారండి."

"నువ్వు బతికున్నావని మీ ఊరివాళ్ళకి తెలీదా?"

"తెలుసండి. బతికున్నానని తెలుసు, కర్మయిపోయిందనీ తెలుసు. రెండోదే గట్టిదంటున్నారు. షూటింగునాడు గట్టున మేం నలుగురమే. మొన్న ఊరు ఊరంతా పడవలేసుకొచ్చి తెరమీద చూసింది."

"మొన్నా? హాల్లో ఆ ఏడుపులు విని, హమ్మయ్య, బొమ్మ పండిందనుకున్నాను. ఏలూరువాళ్ళు నువ్వు కనిపిస్తే చాలు నవ్వుతున్నారు. అదిగో, విను. భయపెడదామని బొమ్మ తీస్తే నవ్వు వాళ్ళకీ, భయం నాకూ మిగిలింది."

"మావాళ్ళు బయటికొచ్చి కాలవలో తలస్నానాలు చేసి మరీ వెళ్ళారండి. నేనీ గేటుకాడే ఉన్నాను. మా అమ్మ కూడా తప్పుకుని వెళ్ళింది. మా ఆవిడ కనకరత్నం చేత నల్లపూసలు తీయించారు. నన్ను గడప తొక్కనివ్వటం లేదు. పడవలోనే పడుకుంటున్నాను."

"పోనీ, ఆ ముక్క కోసేస్తానులే."

"కోసినా కర్మ కర్మేనంటండి. ఎవరికైనా తద్దినం ఏడాదికోసారి పెడతారు. నాకు రోజుకి మూడాటలు."

"ఆదివారం నాలుగు... ఏడవకు, మాటవరసకన్నాను. నిన్ను భూతాన్ని చేశాను, నా బతుకు భూతకాలమైంది. ఇంతకీ పంతులుగారేమంటారు?"

"మార్గం ఉందన్నారండి. మళ్ళీ పుట్టాలంట. నేతితో తానం, బారసాల, అన్నప్రాశన, అన్నీ మొదట్నుంచీ. ఆఖర్న మా ఆవిణ్ణే మళ్ళీ పెళ్ళి చేసుకోవాలంట. అప్పుడు మనిషినంట."

"ఇంతేనా? ఉయ్యాల నాది, భజంత్రీలు నావి. పొద్దున్న పుట్టించి సాయంత్రానికి పెళ్ళి చేసేద్దాం. పెళ్ళికూతురు ఇంట్లోనే ఉందిగా."

"అక్కడేనండి వచ్చింది. ఆవిడ ఏ మాటా చెప్పటం లేదు. అదిగో, సోడా బండి దగ్గరుంది. మీరడిగితే చెబుతుందని తీసుకొచ్చాను."

"ఇలా రా అమ్మా కనకరత్నం. పంతులుగారు నిన్నడిగారా?"

"అడిగారండి. మళ్ళీ పెళ్ళంటే మళ్ళీ పిల్ల ఇష్టం కనుక్కోవాలి, నీకిష్టమేనా అన్నారు."

"మరి ఊఁ అనకపోయావా?"

"మొదటిసారి ఎవరూ అడగలేదండి. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు."

"కనకం, ఏదోటి చెప్పవే. పడవలో దోమలు చంపేస్తున్నాయి."

"తొందరేముందండి రాజుగారూ. ముందు ఆయన్ని పుట్టనియ్యండి. పెరిగాక ఎలాంటోడవుతాడో చూసి చెబుతాను."