చివరి తొట్టి

బడి డాబా మీద, పిల్లలు చిక్కుడు గింజలు నాటిన తొట్ల ముందు టీచరమ్మ, తోటమాలి నిలబడ్డారు.

“పదిరోజులైంది బాబాయ్, ఒక్కటీ మొలవలేదు. రేపటికల్లా మొలవకపోతే తొట్లు తీయించేస్తానన్నారు హెడ్మాస్టరు గారు.”

“మొలిచాయో లేదోనని మీ పిల్లలు రోజూ గింజల్ని తవ్వి చూసి, మళ్ళీ పాతేస్తున్నారమ్మా. ఇంకెలా మొలుస్తాయి?”

“అయ్యో రాత! నాకు చెప్పొద్దూ?”

“ఇవాళే పట్టుకున్నా. కంగారు పడకండి, ఆ చివరి తొట్టి చూడండి.”

“అమ్మయ్య! ఎన్ని మొలకలో! దీన్నెవరూ తవ్వలేదా?”

“మీ ఒకటో తరగతి పిల్ల దగ్గరికి రానిస్తేగా! అట్టముక్క మీద ఏదో రాసి గుచ్చింది, చదవండి.”

“‘పాపలు నిద్రపోతున్నారు. లేపితే ఏడుస్తారు.’”

“వాళ్ళంతట వాళ్ళే లేచారమ్మా. ఇక పిలవండి మీ హెడ్మాస్టరు గారిని!”